బందరు కోట దారి

సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఒకనాడు గోల్కొండ సరుకు ఓడలకెక్కిన రేవు అదే. మన విద్యార్థులు గోల్కొండను మాత్రమే చూచి చరిత్ర చూచామనుకొంటారు. ఆ రాజ్యానికి సిరులు తెచ్చిన వాకిలిని చూడరు. ఇది చిన్న లోపం కాదు.

మోటారు సైకిలుపై పోవడమే మేలని నా అభిప్రాయం. బస్సు మనం కోరిన చోట ఆగదు గదా! కోదాడ దాటిన పిమ్మట నల్లరేగడి, ఉయ్యూరు చెరకుతోటలు, కాలువలు, ఆపైన ఉప్పుగాలి, చిత్తడి నేలలు. ఆ చిత్తడిని దాటి ఎవరూ రాలేరని ఫ్రెంచివారు నమ్మి యుండగా, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సైన్యం రాత్రివేళ బందరు కోటను ముట్టడించి పట్టుకొన్నది. మరుసటి నెలలోనే నిజాం సలాబత్ జంగ్ ఆ సీమను ఆంగ్లేయులకు వ్రాసి ఇచ్చాడు. హైదరాబాదు రాజ్యం తీరాంధ్రపై పట్టు కోల్పోవడంలో ఇదొక ముఖ్య ఘట్టం.

1864 తుపాను ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. పిదప దండు కోటను విడిచిపోయింది. నేడు మిగిలినవి ఆయుధాగారమూ, కొన్ని శిథిలాలూ. వాటిని కాపాడవలసినది ప్రభుత్వమే. కాని చూచేవారే లేని కట్టడాన్ని ఎవరు పట్టించుకొంటారు? మిర్యాలగూడ విద్యార్థులు సైతం వచ్చే సెలవులలో, హెల్మెట్ ధరించియే సుమా, బయలుదేరాలి. సూర్యాపేట నుండి రానుపోను దాదాపు 400 కిలోమీటర్లు; ఒక రాత్రి బందరులో బస చేయక తప్పదు.