పతకం వెనుక కొలువు

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు జపానును 1-0తో ఓడించి కాంస్య పతకం గెలుచుకున్నది. ఆ జపాను సామాన్యమైన జట్టు కాదు. అంతకు రెండేళ్ల క్రితమే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం అందుకున్న జట్టు. నాడు భారత జట్టు నాయకుడు మన హైదరాబాదు వాసి, డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ గారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి దక్కిన చివరి పతకం అదే. అర్ధ శతాబ్దం దాటినా మరే నాయకుడూ ఆ మెట్టు ఎక్కలేదు.

మన సభలలో నయీముద్దీన్ గారి పేరు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అయితే వచ్చే సందర్భం ఎప్పుడూ ఒకటే. ఎవరో మన దేశభక్తిని శంకిస్తారు, మన వక్త లేచి ఈ పేరును సాక్ష్యంగా నిలబెడతాడు. ఈ పద్ధతి మాకు రుచించదు. ఆయన బ్యాంకాక్‌కు వెళ్లినది ఎవరికో రుజువు చూపడానికి కాదు, ఆడడానికి. ఆయన వెంట ఆడిన వారిలో మగన్ సింగ్, శ్యామ్ థాపా, సుభాష్ భౌమిక్, మన హబీబ్ ఉన్నారు. వారిలో ఎవరినీ ఎవరూ ధ్రువపత్రం అడగలేదు. మనం అడగవలసిన ప్రశ్న వేరు. అటువంటి ఆటగాణ్ణి తయారు చేసినది ఏమిటి?

తయారు చేసినది ఒక సర్కారీ కొలువు. హైదరాబాదు నగర పోలీసు శాఖ ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని నెల నెలా జీతమిచ్చి ఆడించింది. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఆ జట్టుకు శిక్షణనిచ్చారు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. రహీం గారే 1951లోను 1962లోను దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టారు. నయీముద్దీన్ గారు ఈ పోలీసు జట్టులోనే ఆడి, 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న భరోసా లేకుంటే ఏ తండ్రి మాత్రం కొడుకును రోజుకు నాలుగు గంటలు మైదానంలో వదులుతాడు?

ఆయనకు పురస్కారాలు వచ్చిన వరుస చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడింటినీ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య పురస్కారం లభించింది. ఆటగాడికి ఇవ్వవలసిన అర్జున మాత్రం 1997లో, అంటే బ్యాంకాక్ పతకం తరువాత ఇరవై ఏడేళ్లకు వచ్చింది. గురువు పురస్కారం ముందు, శిష్యుడి పురస్కారం వెనుక! ఫైళ్ల మధ్యనే తల నెరిసిన మాకు ఇందులో వింత కనిపించలేదు. ఆయన మాత్రం పని ఆపలేదు. 2005లో కరాచీలో జరిగిన దక్షిణాసియా పోటీలలో భారత జట్టు గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే.

ఇక మన ఊరి సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, జాలరిపేట ఇసుకలో మత్స్యకారుల పిల్లలు, మన పిల్లలు కలిసి బంతి ఆడుతారు. ఇసుకలో పరుగెత్తిన కాలికి గట్టి నేల మీద అలుపుండదు. వారికి లేనిది ప్రతిభ కాదు, ఆట తరువాతి దారి. విశాఖలో ఆ దారి రైల్వే, పోర్టు, డాక్‌యార్డు, ఉక్కు కర్మాగారం వంటి సంస్థల గుండానే ఉండేది. క్రీడాకారుల కోటా అంటే అక్కడే. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో వాటా మొత్తం అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు మనలో చాలామంది అది కార్మికుల గొడవ అనుకున్నారు. ప్రైవేటు యజమానికి క్రీడా కోటా ఇవ్వవలసిన బాధ్యత లేదు, రిజర్వేషన్ పాటించవలసిన బాధ్యతా లేదు. బి.సి.-ఇ ధ్రువపత్రం చేతబట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగే మన కుటుంబాలకు ఈ అమ్మకం పరాయి విషయం ఎలా అవుతుంది? ఉక్కు కార్మికుల సభలకు మన జమాతు పెద్దలు కూడా వెళ్లాలన్నది మా అభిప్రాయం.

అంతవరకు ఇంట్లో చేయగల పని ఒకటున్నది. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటాకు కప్పులు, ఫోటోలు పనికిరావు. నిర్ణీత నమూనాలోని పత్రమే కావాలి. దేశం తరఫున ఆడితే ఒకటవ ఫారం, జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకంతో. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలలో ఆడితే రెండవ ఫారం, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకంతో. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు మూడవది, జాతీయ పాఠశాల క్రీడలకు నాలుగవది. పోటీ ముగిసిన నెలలోనే సంతకం చేయించుకోవాలి. నాలుగేళ్ల తరువాత వెళితే కార్యదర్శి మారి ఉంటాడు, పాత రిజిస్టరు కనబడదు. పదవ తరగతి ధ్రువపత్రంలోని పేరే ఫారంలోనూ ఉండాలి. ఒకచోట షేక్ ముందు, మరొకచోట వెనుక ఉన్నందుకు ఆగిపోయిన దరఖాస్తులు మేము చూశాము. ఫారం నింపడం తెలియని తల్లిదండ్రులు శుక్రవారం నమాజు తరువాత కాగితాలతో రండి, కూర్చుని నింపుదాము.