పాత పికప్పు బండికి వేరు ఇంజను వేయవచ్చునా?

మన సభ్యులలో ఈ నడుమ ఒక ప్రశ్న మాటిమాటికి వచ్చుచున్నది. బళ్లారి చుట్టుపట్ల గ్రామములలో నాలుగైదు నేత కుటుంబములు కలిసి కొనుక్కున్న పికప్పు బండ్లు కొన్ని పాతబడినవి. నూలు తెచ్చుటకును, నేసిన సరుకును రాయదుర్గము, గుంతకల్లు, సిరుగుప్ప వైపు చేర్చుటకును ఆ కుటుంబములకు అవే ఆధారము. ఇప్పుడు ఇంజను పొగ చిమ్ముచున్నది. బరువుతో ఎత్తు ఎక్కలేకున్నది. మెకానిక్కు చూచి, “దీనిని తీసివేసి గుజరీ అంగడిలో దొరకు పెద్ద బండి ఇంజను వేసెదను, కొత్త బండి కొనే పని లేదు” అనుచున్నాడు. వేయించవలెనా, మానవలెనా?

మా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. వేరు రకపు ఇంజనును వేయించరాదు. ఉన్న ఇంజనును బాగుచేయించుట మొదటి మార్గము. అది పనికిరాదని తేలినచో, అదే కంపెనీ, అదే రకపు ఇంజనును కాగితములతో సహా వేయించుట రెండవ మార్గము. ఈ రెండును చాలనంత బరువు మోయవలసియున్నచో, ఆ బండిని అమ్మి తగిన బండిని కొనుట మూడవ మార్గము. నాలుగవది లేదు.

ఈ మాట విని కొందరు పెద్దలు నవ్వవచ్చును. 1973లో ప్రపంచమంతట చమురు ధర పెరిగిన పిమ్మట పెట్రోలు జీపులకును, అంబాసిడరు కార్లకును డీజిలు ఇంజన్లు వేసి నడిపిన మేస్త్రీలు మన దేశమున ఎందరో ఉండిరి. ఆ బండ్లు బాగుగనే తిరిగినవి. ఆ మేస్త్రీల నేర్పును మేము కాదనుట లేదు. కాని నేర్పుగల మేస్త్రి ఇంజనొక్కటే మార్చి ఊరకుండలేదు. దానికి తగినట్లు తక్కినవి కూడ మార్చెను. అంబాసిడరు కంపెనీయే 1990ల మొదట్లో ఇసుజు ఇంజను వేసినపుడు, పాత నాలుగు గేర్ల పెట్టెను తీసి అయిదు గేర్ల పెట్టెను కూడ వేసినది.

ఈ సంగతి మన వృత్తివారికి వేరుగ చెప్పనక్కరలేదు. పాత గుంట మగ్గముపై జకార్డు ఎక్కించవలెననుకొన్నపుడు మనమేమి చేయుదుము? జకార్డు పెట్టె ధర ఒక్కటే చూతుమా? ఇంటి కప్పు ఎత్తు చాలునా, దూలము ఆ బరువును మోయునా, మగ్గము గుంజలు కదలకుండునా, అని ముందు చూతుము. అవి చూడక ఎక్కించినవాడు పడుగు తెగి, పన్నె చెడి, చివరకు కప్పుకు కూడ ఖర్చు పెట్టుకొనును. బండి కూడ అంతే.

పెద్ద ఇంజను ఎక్కువ బలముతో తిప్పును. ఆ బలము క్లచ్చి ప్లేటు మీదుగా గేరు పెట్టెకు, అక్కడినుండి షాఫ్టుకు, వెనుక హౌసింగులోని క్రౌను పినియనుకు పోవును. ఇవన్నియు చిన్న ఇంజను బలమునకు లెక్కవేసి చేసినవి. ఇంజను మారిన పిదప వీనిలో ఏది బలహీనమో అదియే ముందు విరుగును. ఇంజను బరువు హెచ్చినచో ముందరి కమాను కట్టలు కుంగును, స్టీరింగు బరువెక్కును, బ్రేకు పట్టినను బండి ఎక్కువ దూరము పోయి ఆగును.

బ్రేకు విషయము మరింత ముఖ్యము. ఇటువంటి బండ్లలో బ్రేకు పెడలుకు సాయము చేయునది వాక్యూము. డీజిలు ఇంజను దానిని తనంతట ఈయజాలదు. వేరుగ ఒక పంపు కావలెను. చాల బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటరుతోనో, ఇంజనుతోనో కలిసి తిరుగును. పాత ఇంజనును దింపినపుడు ఆ పంపు కూడ దిగిపోవును. కొత్తగా వేసిన ఇంజనుకు పంపు లేకపోయినను, చాలకపోయినను పెడలు రాయివలె గట్టిపడును. ఖాళీ బండితో నాలుగు వీధులు తిరిగి చూచిన ఈ లోపము తెలియదు. నిండు బరువుతో దిగువకు వచ్చునపుడు తెలియును. అప్పుడు తెలిసి లాభమేమి?

బళ్లారి ఎండ సంగతి వేరే చెప్పవలెనా? వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ సీమలో చిన్న ఇంజనుకు చేసిన రేడియేటరు పెద్ద ఇంజనును చల్లబరచలేదు. ఇక 2017 ఏప్రిల్‌లో బి.ఎస్. 4, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నియమములు దేశమంతట వచ్చిన పిమ్మట తయారైన ఇంజన్లు కంప్యూటరు పెట్టె, దాని వైర్లు, సెన్సార్లు అన్నియు కలిసియున్నగాని సరిగా నడువవు. గుజరీ అంగడిలో ఇంజను దొరకును. వైర్లు కోసివేసి యుండును.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరములకు ఆర్.సి. భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ సెక్షనును ఇట్లే చెప్పినది. ఆ సంవత్సరమే వచ్చిన సవరణ ప్రకారము, చట్టము ఒప్పని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు శిక్ష గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుర్మానా గాని, రెండును గాని పడవచ్చును. 8 ఏండ్లు దాటిన రవాణా బండికి ఏటేట ఎఫ్.సి. చేయించవలెను గదా, బ్రేకు ఇన్‌స్పెక్టరు ఇంజను నెంబరును ఆర్.సి.తో పోల్చి చూచిన నాడు ఏమి చెప్పుదుము? మరొక మాట: ఇంజను పెద్దదైనంత మాత్రమున ఆర్.సి.లో వ్రాసిన బరువు పెరగదు. ఎక్కువ బేళ్లు వేసుకొనవచ్చునను ఆశ ఉన్నచో అది వట్టిది.

మనది సరిహద్దు సీమ. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా చీలి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయిన నాటినుండి మన నూలు ఒక రాష్ట్రములో, మగ్గము వేరొక రాష్ట్రములో ఉండుట మనకు అలవాటే. కె.ఎ. 34 బండిని రాయదుర్గములో పట్టుకొన్నను, ఆంధ్ర బండిని బళ్లారిలో పట్టుకొన్నను, అక్కడ మనలను ఎరిగినవారు లేరు. కాగితమే మన సాక్షి.

అసలు భయము జుర్మానా గాదు. బండికి అయిదు కుటుంబములు డబ్బు పెట్టినను ఆర్.సి. ఒక్కరి పేరుననే యుండును. ప్రమాదము జరిగినపుడు, అనుమతి లేక ఇంజను మార్చిరని ఇన్సూరెన్సు కంపెనీ అభ్యంతరము చెప్పుటకు తావు కలుగును. అప్పుడు నోటీసు వచ్చునది ఆ ఒక్క ఇంటికే. ఇల్లు, మగ్గము తప్ప ఆస్తి లేని ఆ కుటుంబము ఏమి కావలెను? నడుపుచున్నది కూడ మన ఇంటి పిల్లవాడే గదా.

డీజిలు ఆదా అగునందురా? లెక్క చూతము. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగు బండి లీటరుకు 10 బదులు 12 కిలోమీటర్లు ఇచ్చునని ఒప్పుకొందము. 150 లీటర్ల బదులు 125 చాలును. లీటరు 90 రూపాయలనుకొన్న నెలకు మిగులు 2,250 రూపాయలు. ఇంజను, గేరు పెట్టె, లేతు పని కలిపి 1,20,000 అయినచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు దాదాపు నాలుగున్నర సంవత్సరములు. అంతవరకు ఆ పాత బండి బాడీ నిలుచునా?

కాబట్టి మా సలహా ఇది. మొదట ఇంజనుదే తప్పు అవునో కాదో తేల్చుకొనుడు. గాలి ఫిల్టరు మూసికొన్నను, నాజిల్సు చెడినను, క్లచ్చి జారినను, బ్రేకు పట్టుకొని తిరిగినను బండి లాగదు. నింద మాత్రము ఇంజనుపై పడును. నల్లపొగయైన గాలి, డీజిలు పాళ్లు చూడుడు. నీలిపొగయైన ఆయిలు కాలుచున్నదని అర్థము. తెల్లపొగ విడువకున్నచో కాలని డీజిలో, లోపలికి చేరిన నీరో అని అనుమానించుడు. కంప్రెషను కొలిపించుడు. దానికగు ఖర్చు కొద్దిపాటిది. ఇంజను అరిగినదని తేలినచో బోరు, పిస్టన్లు, రింగుల పనికి ఎంతగునో ఇద్దరు మేస్త్రీలచేత విడివిడిగా వ్రాయించి తీసికొనుడు.

అదే రకపు ఇంజను వేయవలసివచ్చినచో, ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసు అనుమతి పొందుడు. అమ్మినవాని రసీదు, ఇంజను నెంబరు, అది వచ్చిన బండి కాగితము లేనిదే ఒక్క రూపాయి బయానా ఈయకుడు. దొంగ సొత్తు అయినచో నష్టము మనదే. ఆర్.సి.లో కొత్త నెంబరు ఎక్కించుకొని, ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాతమూలకముగ తెలిపిన పిమ్మటనే బండిని రోడ్డెక్కించుడు.

చివరగా ఒక మనవి. ఈ నిర్ణయమును మెకానిక్కు షెడ్డు దగ్గర నిలుచుండి చేయకుడు. డబ్బు పెట్టిన కుటుంబములన్నియు, ఆడవారితో సహా, ఒకచోట కూర్చుండి లెక్కలు ముందు పెట్టుకొని చేయుడు. ముఖ్యముగ ఆర్.సి. ఎవరి పేరున ఉన్నదో ఆ ఇంటివారు వలదన్నచో, తక్కిన నలుగురును ఆ మాటను మన్నింపవలెను.