పరుగువాని బేరము

ఏటేట ఏప్రిలు మాసాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొక వింత వివాదము చెలరేగును. అచ్చటి ఫుట్‌బాలు జట్లు కళాశాలలనుండి వెలువడు యువకులను ఏరుకొను మూడు దినములవి. ఆ దినములు రాకమున్నే, చలికాలమునుండియు, 'మన జట్టున కీతడు కావలె'నని యొకరును, 'కాదు, ఆతడే కావలె'నని మరియొకరును భోజనముకడ, కచేరీలలో, రైలుబండ్లలో వాదులాడుచుందురు. టెక్సాసు, న్యూజెర్సీ మున్నగు తావులందు కాపురమున్న మన తెలుగు సోదరీమణుల యిండ్లలోను, అక్కడనే పుట్టి పెరిగిన కుమారుల నోట, ఈ వాదము వినబడుట కలదు. మగపిల్లల యాటగొడవ మనకేల యని తల్లులు వంటయింటి తలుపు దగ్గరగా వేసికొందురు. ఆ తలుపు తెరచి వినదగిన సంగతి యొకటి యీ గొడవలో కలదని మాకు తోచినది.

ముందుగా ఆట సంగతి. మన బాలురు కాలితో తన్ను బంతియాట కాదిది. బంతి కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, చేతితో విసరుదురు. పక్షమునకు 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. బంతిని చంకనిడుకొని యెదుటి గుంపులోనికి చొరబడి పోవువానిని 'రన్నింగ్ బ్యాక్' అందురు. మనము పరుగువాడందము. వాడు చొరబడిన ప్రతిసారియు ఇద్దరు ముగ్గురు భీమకాయులు మీదపడి నేలగూల్తురు. లేచి, దుమ్ము దులుపుకొని, మరల చొరబడవలెను. ఒక్క ఆటలో ఇరువదిసారులు ఇట్లు జరుగవచ్చును. మోకాలు, చీలమండ, భుజము, తల—వీనిలో నేదెప్పుడు లొంగిపోవునో తెలియదు. అందుచేతనే పరుగువాని వెలుగు కొద్దికాలము. ఇరువది యేడేండ్లు దాటెనన్నచో ముసలివాడని చెప్పుకొందురు!

ఇక ఏరుకొనుట. దీనిని 'డ్రాఫ్టు' అందురు. ఇప్పుడు జట్లు 32, ఆవృత్తులు ఏడు. గడచిన యేట అందరికన్న హీనముగా ఆడినవారు మొదట కోరుకొనవలెను, గెలిచినవారు కడపట. ఈ పద్ధతి 1936లో ఫిలడెల్ఫియా నగరమున మొదలైనది. మొట్టమొదట నెన్నికయైన జే బెర్వాంగరు అను చికాగో విశ్వవిద్యాలయపు విద్యార్థియు పరుగువాడే. ఆతడు తాను కోరిన జీతము కుదరక, ఆ వృత్తిలోనికే పోక, వ్యాపారము చేసికొని సుఖముగా బ్రదికెను. తరువాతివారిలో నంతటి స్వతంత్రులు అరుదు. ఏ యూరికి పోవలెనో, ఎవరికొలువు చేయవలెనో యువకుని చేతిలో లేదు. 2011లో కుదిరిన యొడంబడికననుసరించి మొదటి నాలుగేండ్ల జీతము ఎన్నికయైన వరుసను బట్టియే నిర్ణయమగుచు వచ్చినది. మొదటి ఆవృత్తిలో తీసికొన్నవానిని జట్టువారు కోరినచో నయిదవయేడును ఉంచుకొనవచ్చును. పరుగువాని మేలైన బలమంతయు ఆ నాలుగైదేండ్లలోనే ఖర్చగును.

ఎన్నికకు ముందు పరీక్ష యొకటి కలదు. ఇండియానాపొలిసు నగరమున జట్లవారందరు గుమిగూడియుండగా యువకులను వరుసగా నిలువబెట్టి యెత్తు కొలుతురు, బరువు తూతురు, చేతిజేన యెంతయో కొలుతురు, కీళ్లు వంచి చూతురు. 40 గజములు పరుగెత్తించి క్షణములో నూరవవంతు వరకు లెక్కగట్టుదురు. మన తిరునాళ్లలో ఎద్దు సుడులు చూచి, పండ్లు లెక్కించి, నాలుగడుగులు నడిపించి బేరమాడువారు మాకు జ్ఞప్తికి వచ్చిరి. మరియొకటియు జ్ఞప్తికి వచ్చినది. పెండ్లిచూపులనాడు పిల్లను నడిపించి, జడ కొలిచి, పాట పాడించి, 'కొంచెము చామనచాయ' యని యామె యెదుటనే పెదవి విరచినవారిని చూడని గృహిణి మనలో నెవరు?

ఈ పోలిక మా కల్పన కాదు. వారి పత్రికయొకటి మనకన్న ముందే దీనిని పటముకట్టి చూపినది. 1999లో న్యూ ఆర్లియన్సు జట్టు శిక్షకుడు మైక్ డిట్కా అనునతడు రికీ విలియమ్సు అను పరుగువానిపై మనసుపడి, ఆ యొక్కనికై తన జట్టునకు ఆ యేట రావలసిన యెన్నికలన్నియు, మరుసటియేటి మొదటి, మూడవ ఆవృత్తుల యెన్నికలును ధారపోసెను. అప్పుడొక క్రీడాపత్రికవారు ముఖపత్రముపై శిక్షకుని వరుని వేషమునను, రికీని తెల్లని పెండ్లిబట్టలతో వధువు వేషమునను నిలిపి బొమ్మ వేసిరి. జనులు విరగబడి నవ్విరి. ఆ యేడు జట్టు 16 ఆటలలో మూడు మాత్రమే గెలిచెను. 'వరుని' కొలువు ఊడినది. వధువేషము కట్టిన బిడ్డ సంగతి యెవరికి పట్టినది? నలుగురిలో మాటాడుటకే భయమును వ్యాధిగల యువకుడాతడు. పత్రికలవారు ప్రశ్నించునపుడు తలపైనున్న శిరస్త్రాణమును తీయకయే బదులు చెప్పుచుండెను. 2002లో మయామి జట్టునకు మారి 1,853 గజములు పరుగెత్తి ఆ యేటి కందరికన్న మిన్నయైనను, 2004లో ఇరువదియేడేండ్ల వయసున హఠాత్తుగా ఆట మానుకొనెను. అభిమానులు తిట్టిపోసిరి. ఆతడు కాలిఫోర్నియాలో నొక విద్యాలయమున చేరి మన యాయుర్వేదమును చదువుకొనెను! మరుసటి యేడు తిరిగివచ్చి, వృత్తి ముగియునప్పటికి 10,009 గజములు పూర్తిచేసెను. దారపోసినది దండుగయా కాదా యని న్యూ ఆర్లియన్సువారు చాలకాలము వాదులాడుచునే యుండిరి.

అభిమానుల వాదమనగా ఎట్లుండునో 2017వ సంవత్సరమును చూచినచో తెలియును. ఆ యేడు పరుగువాండ్ర పంట పండినది. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయమునుండి లియొనార్డ్ ఫోర్నెట్, స్టాన్‌ఫర్డునుండి క్రిస్టియన్ మెకాఫ్రీ. మొదటివాడు 240 పౌనుల బరువు. ఎదుటివానిని గ్రుద్దుకొని పోగలడు. రెండవవాడు 202 పౌనులు. సందు చూచి జారుకొనును, విసరిన బంతిని చేతబట్టనేర్చును. 40 గజములకు ఒకనికి 4.51 క్షణములు, మరియొకనికి 4.48. బండబలమా, నేర్పా? ఇద్దరును తమ దేహమును కాపాడుకొనుటకై కళాశాలపక్షమున కడపటి యాట ఆడక మానిరి. దానిపై మరియొక వాదము: జట్టును విడిచినవాడు జట్టువాడగునా? మోకాలు విరిగినచో జీతమిచ్చువాడెవడు? వీరితో పాటు మూడవ పక్షమువారును కలరు. మొదటి ఆవృత్తిలో పరుగువానిని తీసికొనుటయే తెలివితక్కువ, పరుగువాండ్రు అడుగున చవుకగా దొరకుదురు, వారికి దారిచేయు బలిష్ఠులనే ముందు కొనవలెనందురు. లెక్కలో వారి మాటయు త్రోసివేయదగినది కాదు. 1995లో 196వవానిగా ఎన్నికయైన టెరెల్ డేవిసు 1998లో 2,008 గజములు పరుగెత్తెను. 2013, 2014 సంవత్సరములలో మొదటి ఆవృత్తియందొక్క పరుగువానినైన నెవరును తీసికొనలేదు.

2017లో ఫోర్నెట్ నాలుగవవాడుగా జాక్సన్‌విల్లు జట్టునకు, మెకాఫ్రీ యెనిమిదవవాడుగా కరోలినా జట్టునకు పోయిరి. మూడేండ్లు గడచునప్పటికే ఫోర్నెట్‌ను తొలగించిరి. మెకాఫ్రీ 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, 2023లో 1,459 గజములతో అందరికన్న మిన్నయయ్యెను. నేర్పును కోరినవారు గెలిచిరని చెప్పుకొనవచ్చును. ఇంతవరకు సరదా వాదమే.

అయితే ఆ యేటి జాబితాలో మరియొక పేరుండెను. దానికై మేము ఈ సంగతి యంతయు నెత్తుకొంటిమి.

జో మిక్సన్ అను ఓక్లహోమా విశ్వవిద్యాలయపు పరుగువాడు. 2014 జూలైలో, పదునెనిమిదేండ్లు నిండిన మరునాడు, నార్మన్ పట్టణమున నొక ఫలహారశాలలో నొక విద్యార్థినితో మాటకు మాట పెరిగి, ఆమె యాతని త్రోసి కొట్టగా, ముఖముమీద పిడికిట గ్రుద్దెను. ఆ పిల్ల బల్లకు తగులుకొని నేలగూలినది. దవడయెముకయు ముఖమునందలి యెముకలును విరిగినవి. న్యాయస్థానమున నాతడు నేరమును ఒప్పుకొనకయే, సాక్ష్యమునుబట్టి శిక్ష పడవచ్చునని యంగీకరించు పద్ధతిని అవలంబించెను. చెరసాల లేదు, 100 గంటల సమాజసేవ, హితబోధ, ఒక యేడు నడవడి సరిగానుంచుకొనుట. విశ్వవిద్యాలయము ఒక యేడు ఆడనీయక, జీతపు విద్యార్థిగానే ఉంచుకొనెను. ఆ దృశ్యము పట్టిన చలనచిత్రము లోకమునకు వెల్లడియైనది 2016 డిసెంబరులో. రెండేండ్లకు పైగా గడచిన తరువాత. అప్పుడు శిక్షకుడు, నేడైనచో నాతని తొలగించుట తప్ప దారి లేదనెను. ఆతడును బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. 2017 ఏప్రిలులో ఆ యువతితో వ్యాజ్యము రాజీయైనది.

ఇండియానాపొలిసు పరీక్షకు ఆతని పిలువలేదు. అయినను అభిమానుల వాదమున నాతని పేరు వినబడక మానలేదు. బలమును వేగమును బట్టి మొదటి ఆవృత్తివాడని పెక్కురి మాట. కొందరు, మా జట్టువారు వానిని తీసికొన్నచో ఆటయే చూడమనిరి. మరికొందరు, పసితనపు తప్పునకు జీవితమంతయు శిక్షించుట తగదనిరి. ఈ రెండు మాటలలోను ధర్మము కలదు. రెంటికిని మేము చెవియొగ్గెదము. మూడవ మాట వేరు. ఆ గొడవవలన వెల తగ్గినది గనుక రెండవ ఆవృత్తిలోనో మూడవదానిలోనో చేజిక్కినచో మంచి లాభమని లెక్కవేయుట. క్షమించినవారు పూర్తి వెలకే తీసికొందురు. క్షమింపనివారు తీసికొననే తీసికొనరు. తగ్గినవెలకు కొనుట క్షమయు కాదు, దండనయు కాదు, వట్టి బేరము. ఒక ఆడుపిల్ల దవడయెముక ఆ బేరమున తగ్గింపు పద్దుగా పడినది.

సిన్సినాటి జట్టువారు ఆతనిని రెండవ ఆవృత్తిలో 48వవానిగా తీసికొనిరి.

ఇది చదివి 'అమెరికావారి నడవడి యట్టిద'నుకొనవద్దు. వరుని త్రాగుడు, కోపము, చేయిచేసికొను గుణము ఎరిగియు, 'మగవాడు, పెండ్లియైన దారికి వచ్చును' అని సమాధానపడి, కట్నము కొంత తగ్గెనుగదా యని పిల్లనిచ్చిన తండ్రులు మన యూళ్లలో లేరా? పిల్ల ముక్కు వంకరను బట్టి కట్నము పెరుగును. పిల్లవాని గుణము వంకరను బట్టి కట్నము తగ్గును. రెండు పద్దులును ఒక్క పుస్తకములోనివే. వరకట్నమును నిషేధించు శాసనము 1961లోనే వచ్చినను ఆ పుస్తకము మూతబడలేదు.

ఇంకొక సంగతి. బాల్టిమోరు జట్టున రే రైసు అను పరుగువాడుండెను. 2014 ఫిబ్రవరిలో తనకు నిశ్చయమైన వధువును ఆతడు లిఫ్టులో కొట్టి స్పృహదప్పించెను. మొదట రెండు ఆటలు మాత్రమే మానవలెనని క్రీడాసంఘమువారు శిక్షించిరి. సెప్టెంబరులో ఆ దృశ్యము లోకమున కెల్ల వెల్లడికాగా జట్టువారు తొలగించిరి. ఆపై ఏ జట్టువారును ఆతనిని చేరదీయలేదు. అప్పటికాతనికి 27 ఏండ్లు. అంతకుముందటి యేట ఒక్కొక్క పరుగునకు సగటున మూడు గజములకు కొంచెము పైన మాత్రమే సాగుచుండెను. ఇరువదేండ్ల మిక్సన్‌నకు దొరికిన తావు ఇరువదియేడేండ్ల రైసునకు దొరకలేదు. రెండు నేరములు సమానములని మేమనుట లేదు. వయసు మారినప్పుడు జట్లవారి మనసెట్లు మారెనో చూడుడని మాత్రమే యనుచున్నాము.

మిక్సన్ ఆట మిక్కిలి బాగుగనే ఆడెను. 2021లో 1,205 గజములు పరుగెత్తెను. ఆ యేడు సిన్సినాటివారు తుదిపోటీవరకు వెళ్లి, 23కు 20గా లాస్‌ఏంజిలిసువారిచేతిలో ఓడిరి. 'చూచితిరా, మేము చెప్పలేదా?' యనువారు అప్పుడు బయలుదేరిరి. వారు చెప్పినది ఆట సంగతి. అడిగినది ఆట సంగతి కాదు. మీ కుమారులు ఈ యేటి పరుగువాండ్రను గూర్చి వాదులాడునపుడు, అక్కలారా, బలాబలములు విన్న తరువాత 'నాయనా, వీని నడవడి యెట్టిది?' యని యొక్క ప్రశ్న వేయుడు. తెలిసినచో చెప్పుదురు, తెలియనిచో తెలిసికొందురు. ఆటలో మీకేమి తెలియునని నవ్వినను నష్టము లేదు.

2024 మార్చిలో సిన్సినాటివారు మిక్సన్‌ను హ్యూస్టను జట్టునకు ఇచ్చివేసిరి. బదులుగా పుచ్చుకొన్నది ఏడవ ఆవృత్తిలోని యొక్క యెన్నిక. అప్పటికాతనికి 27 ఏండ్లు.