ఇనుముకు పండ్లు చూచుట ఎట్లు?

మాట్టుతావణి అంటే పశువుల సంత. 1999లో అక్కడ బస్సు నిలయము వెలసినది గాని, పేరు మారలేదు. మన పెద్దలు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి గాని బయానా ఇచ్చేవారు కారు. ఇంటికి కమ్మీలు కొనునపుడు మాత్రము మనము ధర ఒక్కటే అడుగుచున్నాము.

మా మిద్దెపని జరుగుచుండగా రెండు కమ్మీలు వంపు దగ్గర పగిలినవి. "పాత ఇనుమండీ" అని మేస్త్రి వాటిని పక్కకు విసరివేసినాడు. ఆ మాట పట్టుకొని మేము విచారించినాము.

పాత ఇనుము కరగించుట తప్పు గాదు. దానివల్ల ఖనిజము, బొగ్గు మిగులును. చిక్కంతా దానితో కలిసి వచ్చు రాగి తీగలతోను, డబ్బాల తగరపు పూతతోను. కరగిన ఇనుములోనికి ప్రాణవాయువు ఊదినచో సిలికాన్, మాంగనీసు ముందుగా కాలి చిట్టెమై తేలును. సున్నము వేసినచో భాస్వరము చాలవరకు పోవును. రాగి, తగరము అట్లు కాలవు. ఇనుము కాలినను అవి మిగిలియే యుండును. ఒకసారి చేరిన రాగి మరి విడువదు. కరగించిన ప్రతిసారి మరికొంత చేరును.

అర శాతమైనను లేని రాగి ఏమి చేయుననవచ్చును. ఉక్కు దిమ్మెను 1,100 సెంటిగ్రేడు డిగ్రీలు దాటించి కాచునపుడు పైనున్న ఇనుము కాలి పొలుసు కట్టును. కాలని రాగి ఆ పొలుసు క్రింద పేరుకొనును. అది 1,085 డిగ్రీలకే కరగును గదా! కరగి ఉక్కు రేణువుల సందులలోనికి దిగును. రోలర్ల క్రింద పెట్టగానే పైభాగము బీటలు వారును. తగరము తోడైతే మరింత చేటు, నికెలు తోడైతే కొంత మేలు. అందుచేత కారు రేకులకు రాగి 0.1 శాతము లోపలనే ఉంచుదురు. కమ్మీలకు సుమారు 0.4 వరకు సర్దుకొందురు. పాత ఇనుము ఎక్కువగా కమ్మీలుగా మారుటకు ఇదియు ఒక కారణము. (తుప్పును తట్టుకొనుటకు కొన్ని ఉక్కులలో రాగిని కావలెననియే కలుపుదురు. పాపము, రాగిని పూర్తిగా నిందింపరాదు.)

మా కమ్మీలు పగులుట రాగివలన గాకపోవచ్చును. చల్లగా వంచినపుడు పగులుట భాస్వరపు గుణము. మేస్త్రి మరీ బిగువుగా వంచినను పగులవచ్చును. ఇండక్షన్ కొలిమి ప్రధానముగా కరగించునదే గాని శుద్ధి చేయునది గాదు. వేసినదే తిరిగి వచ్చును. ఐ.ఎస్. 1786 అను 2008 నాటి ప్రమాణము ఎఫ్.ఇ. 500 కమ్మీలో భాస్వరము 0.055 శాతము, 500డిలో 0.040 మించరాదన్నది. కొట్టువానిని పరీక్షా పత్రము అడుగుడు. దానిలోని హీటు నంబరు కట్టమీది బిళ్లతో సరిచూడుడు. ఒక కమ్మీని ముందే వంపించి చూచుట ఎద్దును నడిపించి చూచుట వంటిదే.

కోయంబత్తూరు మోటార్ల పరిశ్రమ జి.డి. నాయుడు (1893–1974) వంటి మనవారి చేతిమీదుగా పెరిగినది. పాత మోటార్లు మన ఇండ్లలోనే ఎన్నో పడియున్నవి. మొన్న మా బావగారు పంపుసెట్టును అట్లే తూకమునకు వేయబోగా మేము ఆపి, తీగచుట్ట విప్పించినాము. ఇనుముకంటె ఆ కొద్దిపాటి రాగికే ఎక్కువ డబ్బు వచ్చినది.