అమ్మమ్మ ఏ జాబితాలోనూ లేదు

ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కొల్లూరు మండలంలో కరకట్టకు అవతల, కృష్ణ పాయల పక్కన కాపురాలు చేసే లంక జనానికి ఈ రెండు అంకెలు చాలు. మొదటిదానికి గొడ్లను గట్టెక్కిస్తారు, పొలంలో మోటార్లు విప్పి ఇంటికి తెచ్చుకుంటారు. రెండోదానికి పిల్లాజెల్లాతో పడవెక్కుతారు. అరటి పడిపోతుంది, పసుపూ కందా కుళ్ళిపోతాయి. నష్టం ఎలాగూ తప్పదు. అయినా ఎంత నీరొస్తే ఏం చెయ్యాలో మాత్రం అందరికీ ముందే తెలుసు.

2020 మార్చి నుంచి రెండేళ్ళపాటు ఈ ఊళ్ళవాళ్ళు కోవిడ్ పేరుతో దేశాలు వేసిన ఇంకో రకం గేట్ల ముందు నిలబడ్డారు. అవి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు ఎత్తుతారో, ఎవరిని వదులుతారో చెప్పే అంకె ఏదీ లేదు. 2021 ఏప్రిల్ 19న ప్రకటించి 23 తెల్లవారుజాము నుంచి బ్రిటన్ మన దేశాన్ని రెడ్ లిస్టులో పెట్టింది. తలుపు మూసే ముందు యూఏఈ ఇచ్చిన గడువు రెండు రోజులు. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసింది. మే 3 నుంచి 15 దాకా, అంతకుముందు రెండు వారాల్లో భారత్‌లో ఉన్నవాళ్ళు తమ సొంత పౌరులైనా సరే, గడప తొక్కితే ఐదేళ్ళ దాకా జైలు లేదా 66,600 డాలర్ల దాకా జరిమానా అంది.

(కొల్లూరు అనగానే కోహినూరు గుర్తొచ్చేవారికి ఒక మాట. వజ్రాల గనుల కొల్లూరు పల్నాడు వైపుది, ఇది తెనాలి కింది కొల్లూరు. ఆ ఊళ్ళో దొరికిందని చెప్పే రాయి మాత్రం ఏ పరీక్షా ఏ క్వారంటైనూ లేకుండా లండన్‌లో ఉంది.)

డెల్టా పల్లెలకూ విదేశాలకూ మధ్య రాకపోకలంటే చదువులూ ఉద్యోగాలే అనుకుంటారు గానీ, వాటి వెనకాలే నడిచే ఇంకో ప్రయాణం ఉంది. పురుడు పోయడానికి వెళ్ళే తల్లి. విజయవాడ దాటి ఎరగని మనిషి డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో దిగి, ఆర్నెల్లు అక్కడే ఉండి, బాలింతకు పథ్యం వండి, పసిబిడ్డకు కాళ్ళమీద నీళ్ళు పోసి తిరిగొస్తుంది. తర్వాత ఆర్నెల్లకు వియ్యపురాలి వంతు. అక్కడ పసిపిల్లల కేంద్రాల ఫీజులు ఎంతో తెలిసినవాళ్ళకు ఈ వంతులు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. డబ్బు లెక్క పక్కన పెట్టినా, కూతురి మొదటి పురుడు పుట్టింటివాళ్ళది. కూతురు పుట్టింటికి రాలేనప్పుడు పుట్టిల్లే విమానమెక్కింది.

మహమ్మారి కాలంలో దేశాలు రాసుకున్న నిబంధనల్లో ఈ ప్రయాణానికి పేరే లేదు. నిజమైన ఫిర్యాదు అక్కడే ఉంది. గేట్లు వేయడం తప్పు కాదు. 2021 మే 1న దేశంలో ఒక్కరోజు కేసులు నాలుగు లక్షలు దాటాయి. ఆ రోజుల్లో ఏ దేశమైనా జంకుతుంది, జంకాలి కూడా. కానీ ఏ దేశమూ గేటు ఎక్కువ కాలం పూర్తిగా వేసి ఉంచలేదు. అన్నీ సందు వదిలాయి. ఆ సందులోంచి ఎవరు పోవచ్చో నిర్ణయించడానికి ప్రతి దేశం ‘కుటుంబం’ అనే మాటకు అర్థం రాసుకుంది. అర్థం అర్థానికీ పొంతన లేదు, అమ్మమ్మ మాత్రం దాదాపు ఎందులోనూ లేదు.

అమెరికా సంగతే చూడండి. 2021 మే 4 నుంచి భారత్‌లో ఉన్నవారి రాకను నిలిపేస్తూ అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన ప్రకటనలో మినహాయింపుల జాబితా ఉంది. పౌరులు రావచ్చు, గ్రీన్ కార్డు ఉన్నవారు రావచ్చు. పౌరుల తల్లిదండ్రులు కూడా రావచ్చు, అయితే ఆ బిడ్డకు 21 ఏళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు. అంటే అక్కడ పుట్టిన రెండేళ్ళ పాప తల్లిదండ్రులకు దారి ఉంది, నిండు నెలల్లో ఉన్న ముప్ఫై ఏళ్ళ కూతురి తల్లిదండ్రులకు లేదు. పెళ్ళయితే కూతురు కూతురు కాకుండా పోతుందన్నమాట! ఈ అడ్డు నవంబరు 8 దాకా ఉంది.

ఆస్ట్రేలియా 2020 మార్చి 20న సరిహద్దు మూసినప్పుడు దగ్గరి కుటుంబం అంటే భార్యాభర్తలు, వారిపై ఆధారపడ్డ పిల్లలు, చట్టబద్ధ సంరక్షకులు అంది. పెద్దయిన పిల్లల తల్లిదండ్రులను దగ్గరి కుటుంబంగా లెక్కిస్తామని ఆ ప్రభుత్వం ప్రకటించింది 2021 అక్టోబరు 15న. అమల్లోకి వచ్చింది నవంబరు 1న. ఆ ఏడాదిన్నర పైచిలుకు కాలంలో పుట్టిన పిల్లలు అమ్మమ్మను, నాయనమ్మను ఫోన్ తెర మీదే చూసి నడక నేర్చారు.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. 2020 మార్చి 13 నుంచి, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుల ప్రయాణ సౌకర్యాన్ని మన ప్రభుత్వం ఆపేసింది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ అవి భారత పౌరులకే. ఉద్యోగం పోయి, హెచ్‌1బీ వీసా మీద మిగిలిన 60 రోజుల గడువు కరిగిపోతున్న తెలుగు దంపతులు టికెట్ కోసం వెళ్తే, మీరిద్దరూ ఎక్కవచ్చు, మీ పాప ఎక్కకూడదు అన్నారు. పాప చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు మరి. నెలల బిడ్డను ఏ దేశంలో వదిలి రావాలో ఆ ఉత్తర్వు రాసినవాళ్ళు ఆలోచించలేదు. కేకలు లేచాక మే 22న నాలుగు తరగతుల ఓసీఐలకు సడలింపు ఇచ్చారు. భారతీయులకు విదేశాల్లో పుట్టిన మైనర్లు, ఇంట్లో చావులాంటి ఆపద వచ్చినవారు అందులో ఉన్నారు. ఓసీఐలందరికీ దారి తెరుచుకునేసరికి అక్టోబరు 22 వచ్చింది.

అదే ప్రభుత్వం ఆ ఏడాదే కాస్త మనసున్న రూలు కూడా రాసింది. విదేశాల నుంచి వచ్చేవారు వారం రోజులు డబ్బు కట్టి క్వారంటైన్‌లో ఉండాలన్న నిబంధన నుంచి గర్భిణులకు, ఇంట్లో చావు జరిగినవారికి, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి, పదేళ్ళలోపు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చింది. మనిషి అవసరాన్ని బట్టి నిబంధన రాయడం చేతనవుతుందని దీంతో తేలింది. మార్చిలోనే ఎందుకు చేతకాలేదన్నదే ప్రశ్న.

టీకా వచ్చాక కష్టం తీరుతుందనుకున్నారు. 2021 మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచారు. జూన్ 7న విదేశాలకు పోయేవారికి 28 రోజులకే రెండో డోసు ఇవ్వొచ్చని సడలించారు. ఎవరికి? చదువుకోబోయేవారికి, ఉద్యోగంలో చేరబోయేవారికి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళే క్రీడాకారులకు, వారి సిబ్బందికి. కూతురి పురుటికి వెళ్ళే తల్లి అందులోనూ లేదు. ఒలింపిక్స్ నాలుగేళ్ళకోసారి వస్తాయి, ఆ లెక్కన పురుడే అరుదు.

ఇక కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్ళది మరో గోడు. ఊళ్ళో పీహెచ్‌సీకి వెళ్ళినవాళ్ళు ఆ రోజు ఏ సీసా ఉంటే అదే వేయించుకున్నారు. హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబరు 3న గానీ రాలేదు. బ్రిటన్ అయితే కోవిషీల్డ్‌కే పేచీ పెట్టింది. సర్టిఫికెట్ మీద పూర్తి పుట్టినతేదీ లేదని ఒక వంక. మన దేశం బదులుగా అక్టోబరు 4 నుంచి బ్రిటిష్ ప్రయాణికులకూ క్వారంటైన్ పెట్టింది. వారం తిరక్కుండానే లండన్ దిగొచ్చింది. బిగిస్తే సడలుతుందని ఢిల్లీకి తెలుసు. అమ్మానాన్నల కోసం అంత గట్టిగా బిగించిన సందర్భం మాత్రం కనబడదు.

రూళ్ళ సంగతి అటుంచి, ఒక ఇంట్లోకి వెళ్దాం. కొల్లూరు పక్క ఊరు, అరవై దాటిన దంపతులు, చేతిలో పాత విజిటర్ వీసా ఉంది అనుకుందాం. 2021 నవంబరు, అమెరికా దారి తెరుచుకుంది. వసారాలో రెండేసి పెట్టెలు. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు కనక దూలానికి స్ప్రింగ్ త్రాసు కట్టి తూస్తున్నారు. బాలింతకు కాయం, బిడ్డకు సున్నిపిండి, అల్లుడికి గోంగూర పచ్చడి. పచ్చడి సీసా తీసి సున్నుండలు పెట్టాలా, సున్నుండలు తీసి పచ్చడి పెట్టాలా అని తర్జనభర్జన. ఎప్పుడూ ఉండేదే. ఈసారి కొత్తది ఇంకో తూకం, గంటలది.

విమానానికి ముందు మూడు రోజుల్లోపు తీసిన పరీక్ష కావాలి. స్వాబ్ ఇవ్వడానికి తెనాలికో గుంటూరుకో విజయవాడకో పోవాలి. ముందే ఇస్తే రిపోర్టుకు గడువు దాటిపోతుంది, ఆగి ఇస్తే రిపోర్టు అందదు. తెనాలి నుంచి శంషాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, విమానం తెల్లవారుజామున. రిపోర్టు ఫోన్‌కు వచ్చేదాకా పెట్టెలు కారెక్కించకూడదని ఆయన, వచ్చాక ఎక్కించుకుంటే టైమెక్కడుందని ఆమె. ఈలోగా కూతురు అక్కడి నుంచి ఫోను: “అమ్మా, రిపోర్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? ఒక్కో అక్షరం చూడమని నాన్నకు చెప్పు.”

ఆ అక్షరాల గొడవ తెలుగువాళ్ళకు ప్రత్యేకం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా, అదీ పేరుకు వెనకాల. ఆడవాళ్ళకయితే ఒకదాంట్లో పుట్టింటిపేరు, ఇంకోదాంట్లో మెట్టినింటిపేరు. ఆధార్ చూసి టీకా సర్టిఫికెట్ ఇచ్చారు, నోటితో చెప్పింది విని ల్యాబు కుర్రాడు రిపోర్టు కొట్టాడు. మూడు కాగితాల మీద ముగ్గురు మనుషులు. టీకా పోర్టల్ కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు కలుపుకునే వీలు 2021 జూన్‌లో వచ్చింది గానీ, ఆ తంతు నెట్ సెంటర్ కుర్రాడికి తప్ప ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు.

డిసెంబరు 6 నుంచి అమెరికా ఆ మూడు రోజులను ఒక్కరోజు చేసింది. ఇక ఊళ్ళో పరీక్ష మాటే లేదు, ముందురోజే హైదరాబాద్ చేరి ఎవరింట్లోనో దిగి అక్కడే స్వాబ్ ఇవ్వాలి. పాజిటివ్ వస్తే? దిగిన ఇంటివాళ్ళకు అంటించినట్టు, టికెట్ పోయినట్టు. దుబాయ్ మీదుగా వెళ్ళి అక్కడ ఆగేవాళ్ళకు విమానాశ్రయంలోనే గంటల ముందు ఇంకో పరీక్ష. అమెరికా ఈ పరీక్షలన్నీ ఎత్తేసింది 2022 జూన్ 12న.

అటునుంచి ఇటు రావాల్సినవాళ్ళ బాధ వేరు. తండ్రి పోయాడని కబురొస్తే పెద్దకొడుకు ముందు చూసుకోవాల్సింది టికెట్ కాదు, పాస్‌పోర్టులో వీసా ముద్ర. 2020 మార్చిలో అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి. జూన్ 22న అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్‌1బీ వారినీ వారి మీద ఆధారపడే కుటుంబాలనూ రానివ్వకుండా ప్రకటన ఇచ్చారు. అది 2021 మార్చి దాకా సాగింది. వస్తే తిరిగి వెళ్ళగలడో లేదో, వెళ్ళలేకపోతే అక్కడి భార్యాపిల్లల గతి ఏమిటో తేలక, ఎంతమంది తలకొరివిని తమ్ముడికి వదిలి వాట్సాప్‌లో చితిమంటను చూశారో ఏ కార్యాలయంలోనూ లెక్క ఉండదు.

వైరస్‌ను ఆపడానికే ఇదంతా అన్న మాటను సగమే నమ్మవచ్చు. వ్యాధి పౌరసత్వం చూసి అంటదు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే గాలి పీల్చి, ఒకే విమానమెక్కబోయే ఇద్దరిలో అమెరికా పాస్‌పోర్టున్న మనవడికి దారి ఉండి, తాతకు లేకపోతే అది వైద్యం కాదు, వీసా విధానం. పరీక్ష పెట్టండి, క్వారంటైన్ పెట్టండి, ఖర్చు వాళ్ళనే పెట్టుకోమనండి. వాటికి సిద్ధపడ్డవాళ్ళు కోకొల్లలు. నువ్వు కుటుంబమే కాదు అన్నదే మింగుడుపడలేదు.

అందుకే లంకల లెక్క అంతర్జాతీయ ప్రయాణాలకూ కావాలి. ఈ స్థాయికి పరీక్ష, ఈ స్థాయికి క్వారంటైన్, ఈ స్థాయికి అత్యవసరాలు మాత్రమే అని రాసిపెట్టిన మెట్లు ఉండాలి. ఆఖరి మెట్టులో కూడా పురుడు, చావు, ఒంటరిగా మిగిలిన ముసలి తల్లి ఉండాలి. ఇది గాలిలో మేడేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్ 1న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను సవరించి, అప్పటిదాకా ఉన్న అత్యవసర ప్రకటనకు పైన ‘మహమ్మారి అత్యవసర స్థితి’ అనే మరో మెట్టు పెట్టింది. రెండో ప్రమాద హెచ్చరిక లాంటిదే అది. అయితే మన పిల్లలు వేలకు వేలుగా ఉన్న అమెరికా 2025 జులైలో ఆ సవరణలను ఒప్పుకోనంది. కాబట్టి ఆ దేశంతో విడిగా మాట్లాడుకోక తప్పదు. టీకా విషయంలో లండన్‌తో మాట్లాడినంత గట్టిగా మాట్లాడాలి.

ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పనులూ ఉన్నాయి. భారత పౌరులతో వచ్చే మైనర్ ఓసీఐ పిల్లలను ఎంతటి విపత్తులోనైనా తల్లిదండ్రుల విమానమే ఎక్కిస్తామని హోంశాఖ ఇవాళే ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇకముందు ఏ టీకా డోసుల సడలింపులోనైనా చదువు, ఉద్యోగాల పక్కన ‘కుటుంబ అవసరం’ అనే రెండు మాటలు చేర్చడం ఆరోగ్యశాఖ చేతిలో పని. ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీని నడిపే రాష్ట్రం, మళ్ళీ పరీక్షల రోజులొస్తే విమానం ఎక్కేవారికి గడువులోపు పరీక్షా రిపోర్టూ తెనాలి, రేపల్లె, బాపట్లలోనే దొరికే ఏర్పాటు చూడాలి, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే.