సంఘంలోనూ రసీదు అడగండి

"చూద్దాంలే" అన్న మాట మన పల్లెల్లో ఎంత కూలి మింగిందో లెక్క లేదు. ఆ మాట భూస్వామి అంటే మనకు కొత్త కాదు. మండలాఫీసు గుమస్తా అన్నా కొత్త కాదు. సంఘం నాయకుడి నోట కూడా అదే మాట వస్తే కూలి మనిషి ఎక్కడికి పోవాలి? ఈ సంగతి కప్పిపుచ్చుకోకుండా మాట్లాడుకోవాలి.

జరిగే తీరు ఇది. నాట్ల ముఠాకు ఒప్పుకున్న కూలిలో రైతు కోత పెడతాడు. ఆడవాళ్లు పొద్దుగూకాక నాయకుడి దగ్గరకొచ్చి చెబుతారు. "సరే, చూద్దాంలే" అంటాడాయన. వారం గడుస్తుంది. ఫోను చేస్తే ఎత్తడు. ఎదురుపడి అడిగితే "చెప్పాను గదమ్మా, నాకు మీదొక్కటేనా పని?" అని కసురుకుంటాడు. ఈలోగా నాట్లు అయిపోతాయి. నాట్లు సాగేటప్పుడు ముఠా ఒక్క పూట చేలో దిగకపోతే రైతు దిగొస్తాడు. నారు ముదిరిపోతుందన్న భయం ఆయనకుంటుంది. నాట్లయ్యాక ఆ భయమేముంది? నాయకుడి జాప్యం కూలోళ్ల చేతిలోని కొడవలిని మొద్దుబార్చడమే.

చట్టం దగ్గరా ఇంతే. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద బకాయి కూలి కోసం 6 నెలల్లోపు దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి అధికారిని ఒప్పించాల్సి వచ్చేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన 2019 వేతనాల కోడులో ఈ గడువు 3 ఏళ్లు. గడువు పెరిగింది గదా అని కాగితాన్ని అటకెక్కిస్తే, సాక్ష్యం చెప్పే మనిషి వలస పోతాడు, హాజరు రాసిన పుస్తకం మాయమవుతుంది.

నాయకుడి కష్టమూ చూడాలి. చాలాచోట్ల ఒక్క మనిషే పది ఊళ్లు తిరగాలి. ఆయనా కూలి చేసుకునేవాడే. కాని తీరిక లేకపోవడం వేరు, లెక్క లేకపోవడం వేరు. తీరిక లేనివాడు "ఈ వారం కుదరదు, ఫలానా రోజు వస్తా" అంటాడు. లెక్క లేనివాడు "చూద్దాంలే" అంటాడు. ఇంకోటి గమనించండి. జవాబు ఎవరికి త్వరగా వస్తోంది, ఎవరికి రావడం లేదు? మాటకారికి గంటలోనూ, వాడలోని ఒంటరి ఆడమనిషికి నెలకూ వస్తుంటే, ఊళ్లో ఉన్న హెచ్చుతగ్గులే సంఘంలోకీ దూరాయన్నమాట.

1940లలో పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించినప్పుడు సంఘం కార్యకర్తలు చేలో నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. కోతకు అదను ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ రోజున చూద్దాంలే అని ఊరుకుంటే గింజలు గడీకి పోయేవి.

మరి మనమేం చెయ్యాలి? 2005 ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు ఊరూరా ఒకే మాట చెప్పాం: తేదీ వేసిన రసీదు లేకుండా దరఖాస్తు ఇవ్వొద్దు. ఎందుకంటే 15 రోజుల్లో పని చూపకపోతే భృతి అడగడానికి ఆ తేదీయే ఆధారం. సర్కారును రసీదు అడగడం నేర్చుకున్న మనం సంఘంలో ఎందుకు అడగకూడదు?

ఒక్కరే పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఏ రైతు, ఏ చేను, ఎన్ని రోజులు, ఒప్పుకున్నదెంత, ఇచ్చిందెంత అన్నీ కాగితం మీద పెట్టండి. రాయడం రాకపోతే బడికెళ్లే పిల్లతో రాయించండి. రెండు నకళ్లు తీసి ఒకదాని మీద నాయకుడి సంతకం, తేదీ తీసుకోండి. ఏ రోజుకు జవాబు చెబుతారో అక్కడే అడగండి. ఆ రోజు దాటితే రచ్చబండ దగ్గర తిట్టిపోసి లాభం లేదు. గ్రామ శాఖ సమావేశంలో ఆయన ఎదుటే పెట్టి, పుస్తకంలో రాయించండి. కసురుకున్న మాట కూడా అక్కడే చెప్పండి. తేలకపోతే మండల కమిటీకి, ఆపైన జిల్లా కమిటీకి పోండి. అదను దాటిపోయే పనైతే మాత్రం నాయకుడి కోసం ఆగొద్దు. ముఠా అంతా కూర్చుని నిర్ణయించుకుని, ఆయనకు కబురు పెట్టండి. సంఘమంటే నాయకుడొక్కడే కాదు.

నాయకులకు ఒక మాట. "కుదరదు" అన్నదీ జవాబే, కారణం చెబితే జనం అర్థం చేసుకుంటారు. ఏ జవాబూ లేకపోవడాన్నే క్షమించరు. సభ్యత్వ రసీదు పట్టుకుని వచ్చినవాళ్లు మీ గడపలో దేబిరించడానికి రాలేదు, తమ ఇంటికి తాము వచ్చారు.

విసిగిపోయి సంఘం వదిలేస్తామనే సోదరులారా, అక్కచెల్లెళ్లారా! మీరెప్పుడు వదిలేస్తారా అని పెత్తందారు కాచుకుని ఉన్నాడు. వదలొద్దు. లోపలే ఉండి, గట్టిగా అడగండి!