కుంటుకు పసుపు ఒక్కటే మందు కాదు

వానాకాలంలో సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారాయంటే కోదాడ, అనంతగిరి మండలాల్లో పొలాలూ డొంకలూ గొర్ల దొడ్లూ అన్నీ బురదే. జీవాలు కుంటడం మొదలుపెట్టేదీ అప్పుడే. ఏ ఊళ్లో అడిగినా వినిపించే మాట ఒకటే: “కుంటే కదా! పసుపు, వేపనూనె రాస్తే అదే పోతుంది. మన తాతలు ఏ డాక్టర్‌ను పిలిచారు?” ఈ నమ్మకం తప్పు. దీనికి మూల్యం చెల్లిస్తున్నది గొర్లకాపరులూ బర్రెలున్న చిన్న రైతులే.

కుంటుడంతా ఒకటే రోగం కాదు. ముల్లు దిగినా జీవం కుంటుతుంది. గిట్టల సందున చర్మం ఎర్రబడి, చీలి, భరించలేని కంపు కొడితే అది గిట్టకుళ్లు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1941లో ఆస్ట్రేలియాలో బెవెరిడ్జ్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. అది గాలి సోకని చోట, గిట్ట పెంకు కింద పెరుగుతుంది. పైన పూసిన పసుపు అక్కడిదాకా పోదు. ఇక చొంగ, జ్వరం, నోట్లోనూ గిట్టల సందుల్లోనూ పుండ్లు ఉంటే అది గాలికుంటు. అది వైరస్ వల్ల వస్తుందని 1898లోనే జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అది గిట్ట చీలిన పశువులకు వస్తుంది. గొర్రెల్లో నోటి పుండ్లు చాలాసార్లు బయటపడవు, కుంటడమే కనిపిస్తుంది. పసుపు రాసి ఊరుకున్న ఆ గొర్రె నుంచే పక్క కొట్టంలోని పాడిబర్రెకు రోగం పాకుతుంది.

తాతల మాట తెచ్చేవారు తాతల కాలాన్నీ గుర్తుచేసుకోవాలి. ముసర రోగం కొట్టాలకు కొట్టాలే ఖాళీ చేసిన కాలమది. ఆ రోగం 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిందంటే టీకా వల్లే. పైగా ఇప్పటి మందలు వేరు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చిన జీవాల్లో ఎన్నో పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో దిగాయి. సంతలో కొన్న జీవంతో పాటు సంతలోని రోగమూ దొడ్డికి వస్తుంది.

ఇంటి మందు పనికిరాదని నేను అనడం లేదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థే గాలికుంటు పుండ్లకు కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి, వెల్లుల్లి, పసుపు నూనెలో కాచి, గిట్ట శుభ్రం చేశాక రాయమంటుంది. పుండు మానడానికి అది సాయపడుతుంది. కానీ మందలోని మిగతా జీవాలకు రోగం అంటకుండా ఆపలేదు. కిరోసిన్, కాలిన ఇంజనాయిలు, పురుగుమందు పోయడమైతే వైద్యమే కాదు. అవి పచ్చి మాంసాన్ని కాలుస్తాయి. కత్తితో గిట్టను నెత్తురొచ్చేదాకా చెక్కడమూ అంతే, పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

మరి చేయాల్సిందేమిటి? కొత్త జీవాన్ని కొన్ని వారాలు మందకు దూరంగా కట్టండి. కుంటే జీవాన్ని వెంటనే వేరు చేయండి. దొడ్డిలో నీరు నిలవకుండా మొరం పోయండి. గిట్టకుళ్లు కనిపిస్తే, మనం వరికి వేసే జింకు సల్ఫేటునే పది లీటర్ల నీళ్లకు కిలో చొప్పున కలిపి, గిట్టలు మునిగేలా పది నిమిషాలకు తగ్గకుండా నిలబెట్టండి. తర్వాత పొడి నేలపై ఉంచండి. ఆ నీళ్లు జీవాలు తాగకుండా చూడండి. తగ్గకపోతే పశువైద్యుడికి చూపించండి.

గాలికుంటుకు మాత్రం టీకాయే అసలైన రక్షణ. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా వేస్తున్నారు. టీకా వేస్తే పాలు తగ్గుతాయని వెనక్కి తగ్గకండి. ఆ తగ్గుదల కొద్ది రోజులే, గాలికుంటు సోకిన బర్రె మాత్రం ఆ ఈతంతా నష్టపెట్టవచ్చు. చూడి పశువుంటే ముందే డాక్టరుకు చెప్పండి. ఆరు నెలలకోసారి టీకా వేసేవాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజున పసరాన్ని మేతకు తోలకుండా కొట్టంలోనే కట్టి ఉంచండి.